ఫోన్ మానేసిన మా ఆయన

మొన్న ఎండకాలం ముచ్చట, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతది. మాది ఇల్లందు. "ఇగ ఫోన్ ముట్ట" అని మా ఆయన ఒట్టేసి, ఆ ఒట్టును ఫోన్‌లోనే పోస్టు పెట్టిండు. తెల్లారి బండి మీద పినపాకలో ఉన్న మా చెల్లె ఇంటికి బయలెల్లినం. అడవి దారిల ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో ఫోన్! "ఏందిది?" అంటే "ఎంతమంది మెచ్చుకున్నరో చూస్తున్న" అన్నడు.

మలుపుల బర్రెల మంద ఎదురైంది. నేను అరిచేలోపే బండి పొదల్లకు దూకింది. నా మోచెయ్యి చీరుకపోయి రక్తం కారుతుంటే, ఆయన ఫోన్ తుడుసుకుంట "హమ్మయ్య, పగల్లే" అన్నడు.

దవాఖానల కుట్లేసే నర్సమ్మ ఎట్ల పడ్డరని అడిగితే, "బర్రెలు అడ్డమొచ్చినయ్" అని చెప్పిండు.

ఆ దారిల ముందు చూసి నడిచినవి బర్రెలే!