టాపు కింద చోటు

ట్రాక్టరు డ్రైవరు టేపును నమ్మడు. ఏదైనా జానలతోనే కొలుస్తాడు. ఎండకీ వానకీ తాళలేక బండికి టాపు కట్టుకున్నప్పుడూ అంతే. సీట్లో కూర్చుని, తలపైన జానెడు ఎడం వదిలి, పాత ఇనుప మంచం పైపులు నాలుగు కోశాడు. వాటి మీద టార్పాలిన్ ముక్క లాగి సైకిలు ట్యూబులతో బిగించాడు. కొలిచినంతసేపూ పైపు పట్టుకుని నిలబడింది భార్యే. రోజూ పొలానికి ఆమె వెళ్లేది అతని ఎడమపక్క మడ్‌గార్డు మీద కూర్చునే. మొదటి వానకి ఇల్లు చేరేసరికి అతని చొక్కా పొడిగా ఉంది, ఆమె చీర నీళ్లోడుతోంది. "బాగా కుదిరింది టాపు. కొలత ఒక్క తలకేగా!" అంది కొంగు పిండుకుంటూ.

మర్నాడు ట్యూబులు విప్పి, ఒక కర్ర ఆసరా ఇచ్చి, ఉన్న ఆ ముక్కనే రెండు జానలు ఎడమకి జరిపి కట్టాడు. "టాపు పక్కకి పోయిందేంటి బావా?" అని దారిలో ఎవరైనా అడిగితే, "గతుకుల్లో జరిగిందిలే" అంటాడు. వాన పడిన రోజు ఇంటికొచ్చాక ఆమె తువ్వాలు తెచ్చి, అడక్కుండానే ముందు అతని కుడి భుజం తుడుస్తుంది.