పిన్ని మెడలో రేకుబిళ్ళ

మా ఊరు ఉమ్‌హ్లాలిలో కోతకు ముందు చెరకు తోటలు తగలబెట్టిన పొగ ముక్కుకు తగిలితే నాకు పిన్ని పెళ్ళిచూపులే గుర్తొస్తాయి. తెల్లవాళ్ళతో పాటు నల్లవాళ్ళూ మేమూ, అందరూ కలిసి తొలిసారి ఓటేసిన ఏడాది అది.

అమ్మమ్మ ఇచ్చిన బంగారు గొలుసు వదిలేసి, పిన్ని మెడలో రేకుబిళ్ళ వేసుకొచ్చింది. ఈ తోటల్లో వెట్టి చేయడానికి తెలుగు నేల నుంచి ఓడెక్కించినప్పుడు తాతమ్మ మెడలో దొరలు వేసిన నంబరు బిళ్ళ అది.

“ఓ పాట పాడమ్మా,” అంది పెళ్ళికొడుకు తల్లి.

పిన్ని తాను రాసిన కవిత చదివింది. తాతమ్మను ఏ తోటకు పోతావని అడగలేదు, నన్ను ఏ ఇంటికి పోతావని అడగలేదు అని దాని ముగింపు.

వాళ్ళు కవిత వినడానికే వచ్చారనుకుని నేను గట్టిగా చప్పట్లు కొట్టాను.

“ఆపవే, పిచ్చిపిల్లా!” అంది అమ్మమ్మ.

వాళ్ళు టీ ముట్టకుండా వెళ్ళిపోయారు.

“ఇంకోసారి చప్పట్లు కొట్టవే,” అంది పిన్ని నాతో.

ఆ రోజు ఏమీ తెలియకుండానే కొట్టాను గానీ, కొట్టాల్సిన చోటే కొట్టాను.