మా మేనత్త అడిగిన కట్నం

1962లో నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒక్క వేసవి గడిచేసరికి మా అమ్మకంటే పొడుగయ్యాను. మాది సూర్యాపేట బజారులో ధాన్యం కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు అని పైకి లెక్క చెప్పే పని చిన్నప్పటినుంచి నాదే. నేను లెక్క తప్పనని నాయనకు గురి.

ఆ ఏడు వానలు తగ్గాక ఒకరోజు నాయనమ్మ "ఇగ కొట్లకు పోకు" అంది. ఎందుకని అడిగితే "సెప్పింది ఇను" అంది. అంతకుమించి చెప్పలేదు. నేను గదిలోకి వస్తే ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. కొత్తగా ఛాతీలో నొప్పి పుడితే ఏదో రోగం వచ్చిందనుకున్నాను. అమ్మను అడిగితే "పెద్దగైతున్నవ్" అని పొయ్యివైపు తిరిగింది. అప్పటినుంచి పుస్తకాలు ఛాతీకి అదుముకొని, వీపు వంచి నడవడం అలవాటైంది.

మా తరగతిలో మొదట ఇద్దరం ఆడపిల్లలం. రెండో అమ్మాయి ఏడో తరగతి చివర్లో పెద్దమనిషి అయింది. మళ్లీ బడికి రాలేదు. బెంచీ మీద ఆమె చోటులో మగపిల్లలు సంచులు పెట్టుకునేవాళ్లు. నా వంతు వస్తే నా చోటూ అంతేనని నాకు తెలుసు. అప్పుడప్పుడే బీజగణితం మొదలైంది. తెలియని సంఖ్యకు ఒక అక్షరం పెట్టి, దాని వెంటపడి చివరకు పట్టుకోవడం నాకు అన్నిటికంటే ఇష్టంగా ఉండేది.

కార్తీకంలో ఆ వంతు వచ్చింది. నాయనమ్మ నన్ను వెనక గదిలో ఒక మూలన నిలబెట్టి, దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, కోదాడకు కబురు పంపింది. మా ఇళ్లలో పెద్దమనిషి అయిన పిల్లను మేనత్త వచ్చి కూర్చోబెట్టాలి. మా మేనత్త నాయనకు అక్క. మడి, మైల, ఆచారం విషయంలో ఆమె మాటే ఆఖరి మాట. నాయనమ్మ కూడా అనుమానం వస్తే కూతుర్నే అడిగేది. ఆమెకు రైసుమిల్లులో పనిచేసే కొడుకున్నాడు. ఆ బావకు నన్ను ఇవ్వాలని రెండిళ్లలోనూ అనుకుంటూనే ఉన్నారు. అందుకే అత్త వస్తోందంటే నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం బస్సుకు దిగింది. ఈతచాప పరిచి, నన్ను కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం దంచిన ఉండ నా చేతిలో పెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది.

"భయమైతున్నదా?"

తలూపాను.

"ఏం రోగమనుకున్నవ్?"

చెప్పాను. నవ్వలేదు. శరీరంలో ఏం జరుగుతోందో, ప్రతి నెలా ఏం జరుగుతుందో, గుడ్డ ఎలా కట్టుకోవాలో, ఎలా ఉతికి ఎండలో ఆరేయాలో, వంట నేర్పినంత మామూలుగా చెప్పింది. కోపం వచ్చినా, ఏదైనా వత్తి చెప్పాలన్నా ఆమె మాటలో ఆంధ్ర సరిహద్దు కోదాడ యాస కలిసేది. "ఇది జబ్బు కాదు, తప్పు కాదు. ఒళ్లు పెరుగుతుంది, అంతే. నువ్వు పెరిగినవని నడుం వంచుకుంటే ఒళ్లు ఆగుతదా? సక్కగ కూసో" అంది. సర్దుకొని నిటారుగా కూర్చున్నాను. అప్పటిదాకా ఆ మాటలు నాకు ఎవరూ చెప్పలేదు.

1971 నుంచి మిర్యాలగూడలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పాను. ఏటా వేసవి సెలవుల తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లలు వీపు వంచుకొని తరగతిలోకి వచ్చేవాళ్లు. ఎవరికి ఏమైందో చూడగానే తెలిసేది. వాళ్లను విడిగా పిలిచి అత్త చెప్పినదే చెప్పేదాన్ని. అంతకంటే బాగా చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు.

మూలన కూర్చున్న రోజుల్లో పుస్తకం ముట్టుకోనివ్వలేదు. పుస్తకం సరస్వతి కదా. పొద్దు గడవక, పొయ్యిలోంచి ఎగిరిపడిన బొగ్గుముక్క దొరికితే గచ్చు మీద లెక్కలు వేశాను. నాయనమ్మ చూసి కేకలేసింది.

"ఓసి నీ సదువు సల్లగుండ! మైలల రాతలేంది? ఓ బిడ్డా, సూస్తున్నవా నీ కోడలి ఎవ్వారం?"

అత్త వచ్చి వంగి చూసింది. బొగ్గుముక్కను పావడా కింద దాచాను.

"పుస్తకం ముట్టిందా?"

"లేదు."

"బొగ్గుకు మైల లేదమ్మా. గచ్చు రేపు ఎట్లాగూ కడుగుతం" అంది. నాయనమ్మ గొణుక్కుంటూ వంటింట్లోకి పోయింది. కాసేపటికి అత్త నా పక్కనే కూర్చొని, ఆ అక్షరం ఏమిటని అడిగింది. తెలియని సంఖ్య అని చెప్పాను. చివర్లో తెలుస్తుందా అంది. తెలుస్తుందన్నాను. ఒక లెక్క మొదటినుంచి చివరిదాకా చేయించుకొని చూసింది. ఆమె మూడో తరగతి చదివింది. అర్థమైందని అనలేదు, కాలేదని అనలేదు. "ఇంకోటి చెయ్యి" అంది.

తొమ్మిదో రోజు మంగళస్నానం. మా చెల్లెలు పదకొండో రోజంటుంది, ఆమెకు అప్పుడు అయిదేళ్లు. పట్టుపావడా, ఓణీ కట్టి పీట మీద కూర్చోబెట్టారు. బజారులోని కోమట్ల ఇళ్ల ఆడవాళ్లంతా వచ్చారు. చివర్లో మేనత్త హారతి ఇవ్వాలి. అప్పుడు పుట్టింటివాళ్లు ఆమె ముందు కట్నం పెడతారు. ఆడబిడ్డకు తృప్తి కలిగేదాకా హారతి కదలదు. హారతి పట్టుకుని ఆమె అడిగింది కాదనకూడదు.

అత్త కర్పూరం వెలిగించింది. నాయన పట్టుచీర పెట్టాడు. హారతి పళ్లెం కదల్లేదు.

"సాల్లేదట!" అని వెనకనుంచి ఒకామె.

"ఆడబిడ్డంటే గట్లనే ఉంటది మరి. మా ఆడబిడ్డ వెండిగిన్నె గుంజుకపోయింది."

"చీరేం జేసుకుంటది? పిల్లనే అడుగుతది సూడు."

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వుతూ, "అడుగక్కా, ఈ ఇంట్ల నీకు కాదన్నదేముంది?" అన్నాడు.

"చీర తీసుకో తమ్మీ. నాకొద్దు. పిల్లను బడికి పంపు."

నాయనమ్మ ముందుకొచ్చింది. "ఏం మాటనే అది? మన ఇండ్లల్ల పెద్దమనిషైన పిల్ల మొగపోరగాండ్ల నడుమ కూసుంటదా?"

"కూసోవద్దని ఏ ఆచారంల ఉందో చెప్పమ్మా. నాకు తెల్వదు."

ఆమెకే తెలియదంటే ఇక అక్కడ ఎవరికి తెలుస్తుంది? నాయన నేల చూశాడు.

"కర్పూరం ఆరిపోతుంది తమ్మీ. తొందరగ చెప్పు."

"సరేనక్కా."

"సరే అంటే?"

"పంపుత."

"ఎందాక?"

అందరూ నాయన వైపే చూస్తున్నారు. పదిమంది ముందు ఒప్పుకున్న బేరం తూకంలో మార్చిన వ్యాపారి మా బజారులో నిలవడు.

"మెట్రిక్ దాక" అన్నాడు.

అప్పుడు పళ్లెం కదిలింది. అత్త ముఖంలో గెలిచిన గర్వం లేదు. చెయ్యి కాలుతుంటే పళ్లెం అంచు మార్చి పట్టుకుంది, అంతే.

సంబంధం ఖాయం చేసుకు రమ్మని మామయ్య ఆమెను పంపాడు. సంబంధమూ లేదు, చీరా లేదు. చాలా రోజులు మామయ్య ఆమెతో ముభావంగా ఉన్నాడని కోదాడ వ్యాపారులు చెబితే అమ్మకు తెలిసింది. అత్త ఆ మాట మాతో ఎన్నడూ అనలేదు. తర్వాత బావకు ఖమ్మం వైపు పిల్లను చేసుకున్నారు. ఆ పెళ్లిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, వచ్చినవాళ్లకల్లా నా మార్కులు చెప్పింది.

హారతి అయిన మర్నాడు అత్త కోదాడ వెళ్లాలి. బస్సు ఆలస్యమైనా ఫరవాలేదని నాతో బడిదాకా వచ్చింది. కొత్త ఓణీ జారుతుంటే సర్దుకుంటూ నడిచాను. గేటు దగ్గర పెద్దసారు నిలబడి ఉన్నాడు. గంట కొట్టడానికి ఇంకా టైముంది, మగపిల్లలంతా ఆవరణలోనే ఉన్నారు.

"ఏం పాపా, ఇన్నిరోజులు రాలేదు? జరమొచ్చిందా?"

అవును సార్ అనబోయాను. అత్త అందుకుంది. ఆమెది చిన్న గొంతు కాదు.

"జరం గాదు సారూ. పెద్దమనిషైంది. మా ఇండ్లల్ల ఇన్నిరోజులు బైటికి పంపరు. ఇగనుంచి రోజూ వస్తది. నెలల ఒక్కరోజు కడుపునొచ్చి రాకపోతే కొట్టకండి."

పెద్దసారు కండువా సర్దుకొని, చెట్ల వైపు చూస్తూ, "మంచిదమ్మా, మంచిది" అన్నాడు. ఆవరణలో మగపిల్లలంతా మావైపే చూస్తున్నారు. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. అత్త మాత్రం నా జడ ముందుకు వేసి, "పో బిడ్డా, ఏళయింది" అంది.

తరగతిలో నా బెంచీ మీద పెట్టిన సంచులు ఎవరో గబగబా తీశారు. కూర్చున్నాను. వెనక వరసలో ఒకడు ఏదో గుసగుసగా మొదలుపెట్టాడు. పక్కవాడు వాణ్ని మోచేత్తో పొడిచాడు.

"ఊకోరా. వాళ్లత్త పెద్దసారు ముంగటనే అంత సెప్పింది. నువ్వు కొత్తగ సెప్పేదేముంది?"

ఆ తర్వాత మెట్రిక్ దాకా ఆ బడిలో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. దాచిపెడితే ఏళ్లతరబడి నా వెనక నడిచే గుసగుసను ఆమె గేటు దగ్గరే తీసేసిందని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

కిటికీలోంచి చూస్తే ఆమె బస్టాండు వైపు, చేతిలో సంచితో, గబగబా పోతోంది. వెనక్కి తిరుగుతుందేమోనని కాసేపు చూశాను. ఇంతలో లెక్కల సారు వచ్చి బోర్డు మీద కొత్త సమీకరణం రాశాడు. నేను రాని రోజుల్లో చెప్పినవేమిటో అడగడానికి లేచి నిలబడ్డాను.