నీలిని పరిగెత్తించిన సినిమా

స్వర్ణ తార్నాకలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది. పుట్టి పెరిగింది వారాసిగూడలో. ఏడాది నిండకుండానే పోలియో సోకి కుడికాలు చచ్చుబడింది. చంకకర్ర లేనిదే నడవలేదు. చిన్నప్పుడు ప్రార్థనతో జబ్బులు నయం చేస్తామంటూ ఎక్కడ స్వస్థత కూటాలు పెట్టినా తండ్రి మొగిలి ఆమెను భుజాన వేసుకుని తీసుకెళ్లేవాడు. అందరి ముందూ కర్ర వదిలి నిలబడమనేవారు. నిలబడబోయి కూలబడేది. "పిల్లకు విశ్వాసం తక్కువున్నది" అని చుట్టూ ఉన్నవాళ్లు తేల్చేసేవారు.

ఆరో తరగతిలో బడి లైబ్రరీలో ఆమెకొక పిల్లల నవల దొరికింది. అందులో నీలి అనే అమ్మాయికి కాలు వంకర. వాగు పొంగిన రోజు పరిగెత్తగలిగినవాళ్లంతా గుట్టెక్కేస్తారు. పరిగెత్తలేని నీలి మాత్రం పుట్టి, అదే గుండ్రటి బుట్టపడవ, వేసుకుని నీళ్లలోకి వెళ్లి, చిక్కుకుపోయిన ముసలివాళ్లను ఒడ్డుకు చేరుస్తుంది. చివరి పేజీలో కూడా కుంటుకుంటూనే ఇంటికెళ్లి, ఆకలేస్తోందని అమ్మ మీద అరుస్తుంది. కాలు బాగవ్వలేదు. దాని గురించి ఎవరూ ఏడవనూ లేదు. ఆ పేజీ చదివి స్వర్ణ పొంగిపోయింది. ఆ తర్వాత తండ్రి మళ్లీ కూటానికి బయలుదేరదీస్తే, "నేను రాను బాపూ" అని మొదటిసారి ఎదురు చెప్పింది.

ఆ నవల ఈ ఏడాది సినిమాగా వచ్చింది. స్వర్ణ తన తరగతి పిల్లలను వెంటబెట్టుకుని సంబరంగా వెళ్లింది. సినిమాలో పుట్టి లేనే లేదు. వరద ముంచుకొస్తుంటే నీలి ఆకాశంకేసి చూసి, కర్ర విసిరేసి, పరుగందుకుంది. హాలంతా చప్పట్లు.

బయటికొచ్చాక భూమిక అనే పిల్ల ఆమె కొంగు పట్టుకుంది. "టీచర్, మీరు గూడ గట్టిగ అనుకుంటే ఉరుకుతరా?"

స్వర్ణకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు.

వారం తిరక్కుండానే యూనివర్సిటీలో ఆ సినిమా మీద సభ పెట్టారు. స్వర్ణను పిలిచింది మౌనిక. కర్నూలు నుంచి వచ్చి అక్కడ పాఠాలు చెబుతూ, స్వర్ణ వాళ్ల పై వాటాలో అద్దెకుంటోంది. సినిమా రాసిన దిలీప్ వేదిక మీద నవ్వుతూ, "నవల కొంచెం డల్‌గా ముగుస్తుందండి. పిల్లలకు హోప్ ఇవ్వాలి కదా!" అన్నాడు.

స్వర్ణ మైకు కోసం ఆగలేదు. కర్ర ఊతంగా లేచింది.

"ఎవలకు సార్ హోప్?"

"మేడమ్, అది సింబాలిక్..."

"సింబాలిక్ మీకు. నాకది కాలు. నీలి అంతమందిని కాపాడితే మీకు సాల్లేదా? కాలు మంచిగైతేనే మనిషనిపించిందా? గా పుట్టిని ఎందుకు తీసేసిన్రు? మీ సినిమా చూసొచ్చి నా క్లాసు పిల్ల, గట్టిగ అనుకుంటే ఉరుకుతరా టీచర్ అని అడిగింది. అంటే ఇన్నేండ్లు నేను గట్టిగ అనుకోలేదనా?"

దిలీప్ లేచి నిలబడ్డాడు. "మీలాంటివాళ్లే మాకు ఇన్‌స్పిరేషన్ మేడమ్" అంటూ చప్పట్లు కొట్టాడు. సభంతా కొట్టింది.

"ఆపుర్రి!" అని అరిచింది స్వర్ణ. "జవాబు చెప్పుర్రి, చప్పట్లు కాదు."

ఎవరో తరువాతి వక్తను పిలిచారు. ఆమె బయటికి నడిచింది.

మౌనిక వెనకాలే వచ్చింది. "నా పరువు తీస్తివి కదక్కా! అడగొచ్చు గానీ, ఇట్లనా?"

"మరెట్ల అడగాలె? నవ్వుకుంట అడగాల్నా?"

మౌనిక ఫోన్ తీసింది. "ఆటో పిలుస్తాలే" అంది.

"వద్దు. బస్సుల పోత."

మర్నాటి నుంచి స్వర్ణ తరగతిలో ఆ నవల చదివి వినిపించింది. అయిపోయాక సాయితేజ, "సినిమానే మంచిగున్నది టీచర్, పాటలున్నయి" అన్నాడు. ఆమెకు మళ్లీ చిర్రెత్తింది కానీ వాణ్ణేమీ అనలేదు.

భూమిక లేచింది. "ఆఖరికి ఉరకదా టీచర్?"

"ఉరకదు."

"పుట్టి ఎట్ల నడపాల్నో ఆమెకు ఎవరు నేర్పిన్రు?"

స్వర్ణకు వెంటనే గుర్తు రాలేదు. పుస్తకం తెరిచి, వెనక్కి పేజీలు తిప్పసాగింది.