చెరువుల మధ్య చర్చి

మొగల్తూరు దగ్గర మా ఊళ్ళో చర్చిని మిషను దొరలే కట్టారని బయటివాళ్ళు అంటారు. మిషను ఇచ్చింది స్థలమూ, గంటా. ఇటుకలు కాల్చిందీ, సున్నం గానుగ తిప్పిందీ మా పేట కూలీలు. పగలంతా కోతలు కోసి, సాయంత్రాలు గోడలు లేపారు. వాళ్ళలో అమ్మ వాళ్ళ తాత ఒకరు. ఆయన సమాధి చర్చి వెనక దొడ్లోనే ఉంది. ఆ వరసలోనే మా నాన్నది. "నన్ను మీ నాన్న పక్కన పెట్టండి," అని అమ్మ తరచూ అనేది.

నా చిన్నప్పుడు చర్చి చుట్టూ వరిచేలు. నేను టీచరుగా నిడదవోలు వెళ్ళాక అవి ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి. మెల్లగా చర్చి గోడలకు చెమ్మ ఎక్కి, సున్నం పొరలుగా రాలడం మొదలైంది. సంఘ పెద్దలతో పాటు నేనూ చర్చిని ఆనుకున్న చెరువు యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మర్యాదగానే మాట్లాడాడు.

"నా చెరువు నా పొలంలో ఉందండి. భూమిలోంచి నీరు ఊరితే నన్నేం చెయ్యమంటారు చెప్పండి?"

తర్వాత మండలాఫీసులో అర్జీ ఇచ్చాం. ఒకాయన వచ్చి ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. మళ్ళీ రాలేదు.

అమ్మ వానాకాలంలో పోయింది. నాన్న పక్కన తవ్వుతుంటే మోకాలి లోతులోనే నీరు పడింది. తమ్ముడు గుంటలోకి దిగి బకెట్లతో తోడాడు. తోడినకొద్దీ ఊరింది. ఎవరో డీజిల్ ఇంజను తెచ్చి పెట్టారు. అది ఆపగానే గుంట మళ్ళీ నిండింది. అంచు మట్టి జారి, నాన్న సమాధి ఒక పక్కకి ఒరిగింది.

పాస్టరుగారిని మేం అయ్యగారనే పిలుస్తాం. ఆయన నా దగ్గరికొచ్చి, "ఇందులో పెట్టలేమమ్మా. పెట్టె తేలిపోతుంది," అన్నారు మెల్లగా.

"ఇంకాసేపు చూద్దామండి," అన్నాను. ఏం చూడాలో నాకే తెలియదు. తమ్ముడు నీళ్ళలో నిలబడి నా వైపే చూస్తున్నాడు. అక్కని, చదువుకున్నదాన్ని, ఏదో ఒకటి చెప్తాననుకున్నాడేమో.

పొద్దు గుంకకముందే అమ్మని వ్యానులో నరసాపురం క్రైస్తవ శ్మశానానికి తీసుకెళ్ళాం. ఇద్దరు తెలియనివాళ్ళ సమాధుల మధ్య ఖాళీ దొరికితే అక్కడ పెట్టాం. ఇప్పుడు మా పేటలో ఎవరు పోయినా వ్యానే పిలుస్తున్నారు.

చర్చిలో ఆదివారం ఆరాధన జరుగుతూనే ఉంది. కిందటి నెల వెళ్ళాను. ప్రసంగం మధ్యలో నా ప్లాస్టిక్ కుర్చీ కాలు మెత్తబడిన గచ్చులోకి దిగబడింది. పక్కావిడ చెయ్యి పట్టి లేపి, ఇంకో చోట కూర్చోబెట్టింది. అయ్యగారు ప్రసంగం ఆపలేదు.