బాపు నడుము నొప్పి

లాల్‌దర్వాజాలో మాకు పాలు పోసే పెద్దాయన ఒక చేత్తో క్యాను, ఇంకో చేత్తో నడుము పట్టుకుని వచ్చేవాడు. రోజూ గొంతుక్కూర్చుని పాలు పితకడం వల్లే ఆ నొప్పి అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"కూసునుడు చిన్నప్పటిసంది ఉన్నదే బిడ్డా. ముసలి బర్రె మేత ముట్టని దినం ఫికరైతది, నడుం పట్టేస్తది."

నేను వినకుండా, పితికేటప్పుడు కూర్చోమని పొట్టి స్టూలు కొనిచ్చాను. వారం తర్వాత కొట్టంలోకి వెళ్తే, ఆయన ఎప్పటిలాగే గొంతుక్కూర్చుని పితుకుతున్నాడు. స్టూలు మీద బర్రె మేతగంప ఉంది.

"అది నీకోసం గదా తెచ్చిన, బాపూ!"

"దానికి మెడ వంగుతలేదు బిడ్డా. గిట్ల పెడితే మస్తు తింటున్నది."

క్యాను ఎత్తుకుని లేచాడు. రెండో చెయ్యి నడుము మీదికి పోలేదు.

ఇంతకీ నా స్టూలు ఆయన నడుముకు పనికొచ్చినట్టా, రానట్టా?