బావ తీసేసిన సొట్ట

మా బావ టింకరింగ్ మేస్త్రీ. కార్లకు పడ్డ సొట్టలు తీయడం ఆయన వృత్తి. తీశాక, ఆ సొట్ట ఎక్కడుండేదో కనిపెట్టమని దారిన పోయేవాళ్లని పిలిచి నిలబెట్టడం ఆయన సరదా. పాపం ఆ మనిషి ఎండలో కారు చుట్టూ తిరిగి, వంగి, పక్కకి వాలి, అరచేత్తో తడిమి, చివరికి చేతులెత్తేస్తాడు. అప్పుడు మా బావ మొహం చూడాలి. సర్కసులో ఏనుగుని మాయం చేసినవాడికి కూడా అంత గర్వం ఉండదు. నాకు తెలిసి ఇంతవరకూ ఆయన పనిని పట్టుకున్నవాడు లేడు. నేను ఇరవైసార్లు ఓడిపోయి, ఇప్పుడు ఆ వీధిలోకి వెళ్తే తల తిప్పకుండా నడుస్తాను.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి, బీమా ఏజెంటుని. ఆయన లెక్కలో నాది పనే కాదు, మాటలమ్ముకుని బతకడం. నేనూ ఊరుకోను. ఇద్దరిదీ సుత్తి కొట్టే వృత్తే బావా, మీ సుత్తికి చప్పుడెక్కువ, అంతే తేడా అంటాను. ఆయన షెడ్డుకీ, ఆయన కారుకీ పాలసీలు నా దగ్గరే తీసుకున్నాడు. తీసుకోక చస్తాడా, మా అక్క ఊరుకుంటుందా.

వాళ్లకి ఒక్కతే కూతురు. సుత్తి దెబ్బల మధ్య నిద్రపోయి, రంగు వాసనలో లెక్కలు నేర్చుకున్న పిల్ల. బాగుచేసిన కార్లను షెడ్డు బయటికి తీస్తూ, లోపలికి పెడుతూ డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్చుకునే రోజుల్లో ఒకసారి కారు వెనక్కి తీస్తూ షెడ్డు గేటుని గుద్దింది. బావ పకపకా నవ్వి, ఆ గేటుని సరిచేసి, ఆ కథని మాత్రం ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చాడు. మా అమ్మాయికి అన్నీ వచ్చుగానీ వెనక్కి తీయడం రాదండీ అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పిల్ల కూడా నవ్వేసేది. అదేమీ పట్టించుకునే రకం కాదు. చూస్తుండగానే భారీ వాహనాల లైసెన్సు కూడా తెచ్చుకుంది. మొన్నామధ్య ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు ఆంబులెన్స్ నడపడానికి ఎంపిక చేశారు. ఆ రోజు మా ఇంటికి పరుగెత్తుకొచ్చి, నా భుజం మీద చరిచి చెప్పింది. భుజం మర్నాటిదాకా నొప్పి పెట్టింది. ఆసుపత్రి వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. చేరేలోపు ఆమె తప్పుతో జరిగిన ప్రమాదం ఏదీ ఉండకూడదు.

సరిగ్గా ఆ సమయంలోనే బంకు గొడవ వచ్చిపడింది.

బావ కారులో పెట్రోలు పోయించుకోవడానికి వెళ్లి మా పిల్ల వరసలో ఆగి ఉంది. ఎదురుగా లోపలికి వచ్చిన పెద్ద కారొకటి, టైర్లకు గాలి పట్టే చోటికి తిరగబోయి, మా కారు వెనక తలుపు ముందు అంచు దగ్గర తగిలి, డిక్కీ దాకా గీరుకుంటూ పోయింది. అందులోంచి దిగినాయన ఒక బట్టల దుకాణం యజమాని. అక్కడ మర్యాదగానే మాట్లాడాడు. ఫోన్ నెంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇంటికెళ్లి తీరిగ్గా కూర్చున్నాక ఆయనకి సంగతి వేరేగా గుర్తొచ్చినట్టుంది. ఆ అమ్మాయే చూసుకోకుండా కారు వెనక్కి తీసి తనని గుద్దిందని బీమా వాళ్లకి రాసిచ్చాడు. ఆయన కారుకి చూద్దామన్నా ఏమీ లేదు. బంపరు మీద గుడ్డతో తుడిస్తే పోయే మరక. బంకులో కెమెరా చూసేది డబ్బులు తీసుకునే చోటుని. పిల్లేమో ఆయన కారుని, నెంబరు ప్లేటుని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసింది. మన కారు ఎలాగూ ఇంటి ముందే ఉంటుంది కదా, ఎప్పుడైనా చూపించొచ్చు అనుకుంది. నాకూ అది సబబుగానే తోచింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బీమా ఆఫీసుకి వెళ్లి క్లెయిము పెట్టాం. తర్వాతి రోజు సర్వేయరు వచ్చి కారు చూస్తాడన్నారు. సొట్ట తీరు చూస్తే ఎవరు ఎవరిని గుద్దారో సర్వేయరుకి ఇట్టే తెలిసిపోతుంది, నువ్వేం దిగులు పడకని దారి పొడుగునా ధైర్యం చెప్పాను. అసలు దిగులు పడుతున్నట్టు లేదు పిల్ల. ఆంబులెన్స్‌లో సైరన్ మీట ఎటువైపు ఉంటుందో నాకు వివరిస్తోంది.

సాయంత్రం షెడ్డు దగ్గరికి వచ్చేసరికి కారు పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. గీత లేదు, సొట్ట లేదు. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

బీమా వాళ్లు చూసేదాకా బండి ముట్టుకోవద్దని నా దగ్గర పాలసీ తీసుకున్న ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాను. సొంత బావకి చెప్పాల్సిన అవసరం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. అక్క గుమ్మంలోంచి, పొద్దుటి నుంచీ అన్నం కూడా ముట్టలేదురా, చెబితే వింటేనా అని మొత్తుకుంది. బావ మాత్రం నా షెడ్డు ముందు నా కారే సొట్టతో నిలబడితే నలుగురూ నవ్వరా, చేతులు ఊరుకోలేదు అన్నాడు. మేమంతా నమ్మాం. నమ్మక ఏం చేస్తాం, ఆ చేతుల సంగతి తెలిసినవాళ్లమే కదా. ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లి వాళ్ల తలుపు బందులు బిగించి వచ్చిన మనిషి.

నాకు ఒళ్లు మండిపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. పిల్ల తండ్రిని ఒక్క మాట అనలేదు. నన్ను పక్కకి తీసుకెళ్లి, "ఇప్పుడు ఏం చూపిస్తాం మావయ్యా?" అంది. సైరన్ మీట గురించి చెప్పిన గొంతేనా ఇది అనిపించింది.

సర్వేయరు పొద్దున్నే వచ్చాడు. సన్నటి మనిషి, నెమ్మదైన మాట. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, ఇంకోసారి తిరిగాడు. బావకి అలవాటు ఆగలేదు. ఎక్కడో చెప్పండి చూద్దాం సార్ అనేశాడు. నేను వెనక నుంచి గిల్లాను. సర్వేయరు వెనక తలుపు మీద చెయ్యి వేసి, పక్కకి వంగి వెలుతురులో చూసి తల అడ్డంగా ఆడించాడు. నాకు తెలియడం లేదు, చాలా బాగా చేశారు మేస్త్రీ గారూ అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది.

"కనబడనిది నేను రాయలేను కదండీ. అమ్మాయి వెనక్కి తీసిందని ఆయన రాసిచ్చాడు. కాదనడానికి నా దగ్గర ఏముంది? ఇలాగే రిపోర్టు రాస్తే తప్పు అమ్మాయి మీదికే పోతుంది."

బావ నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది. కూతురి వైపు చూశాడు. ఆమె కారు వైపు చూస్తోంది. ఆయన షెడ్డులోకి వెళ్లి, గీకే పరికరం, గరుకు కాగితం తెచ్చుకుని, తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. తను చేసిన పనిని తనే పాడుచేయడం నేను చూసింది అదే మొదటిసారి. మెరిసే రంగు పొట్టు పొట్టుగా రాలింది. దాని కింద ప్రైమరు, దాని కింద పుట్టీ. అంత మందాన పుట్టీ ఆయన పనిలో నేనెప్పుడూ చూడలేదు. సుత్తి పట్టకుండా పుట్టీతో కప్పేసేవాళ్లని ఆయనే నోరారా తిడతాడు. తొందరలో గీతల్ని కొట్టి సరిచేయలేదు, ఉన్నవాటిని ఉన్నట్టే పూడ్చేశాడు. ఆ పైపై పనే మాకు కలిసొచ్చింది. పుట్టీ ఊడేకొద్దీ గీతలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

సర్వేయరు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాడు. వేలితో గీత వెంట ముందు నుంచి వెనక్కి వెళ్లాడు. తలుపు ముందు అంచు దగ్గర సన్నగా మొదలై, పోనుపోను లోతుగా దిగి, డిక్కీ దగ్గర రేకు వెనక్కి మడతపడి ఆగింది.

"వెనక్కి తీస్తూ గుద్దితే ఈ రేకు ముందుకి మడతపడాలి. ఇది ఎదురుగా వచ్చినవాడు చేసిన పని. అమ్మాయి చెప్పిందే నిజం."

నేను పైకే హమ్మయ్య అనేశాను. అక్క కొంగుతో కళ్లొత్తుకుంది. సర్వేయరు ఫొటోలు తీసుకుని, ఒక్క సంగతి మాత్రం రిపోర్టులో రాయక తప్పదన్నాడు. సర్వే కాకముందే కారు ఎందుకు బాగుచేశారు అని. దానికేముంది సార్, మా బావకి చేతులు ఊరుకోవు, సొట్ట కనబడితే చాలు అంటూ నేను అందుకున్నాను. నా వృత్తే అది కదా.

బావ చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. లేచి నిలబడ్డాడు. మోకాళ్ల నిండా పుట్టీ పొడి.

"అది కాదు సార్. మా అమ్మాయే వెనక్కి తీస్తూ గుద్దిందనుకున్నాను. మీకు కనబడకుండా ఉండాలని కప్పేశాను. అదే రాసుకోండి."

బావ మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం పోయి, ఆ పిల్ల మీద జాలేసింది. గేటు కథకి అన్నేళ్లూ మేమంతా నవ్వాం. అది నవ్వులాట కాదని, ఆయన మనసులో నిజంగానే పాతుకుపోయిందని ఒక్కరం కూడా కనిపెట్టలేదు.

"ఆగి ఉన్నానని ఆ రోజే చెప్పాను కదా నాన్నా."

"చెప్పావమ్మా. నేనే నమ్మలేదు."

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సర్వేయరు దగ్గరికి వెళ్లి సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి, పెట్టి, ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపి వచ్చింది. వారం తిరక్కుండా తప్పు బట్టల దుకాణం ఆయనదేనని తేలింది. ఆయన బీమా కంపెనీ మా కారు బాగుచేసుకోవడానికి డబ్బు ఇస్తామంది. ఆసుపత్రి వాళ్లు రమ్మన్నారు. బావ ఆ వారమంతా ఇంట్లో పిల్లిలా తిరిగాడు. కూతురి కంచంలో తనే వడ్డించేవాడు. బూట్లు తుడిచిపెట్టేవాడు. ఏదైనా అంటుందేమోనని మొహం చూసేవాడు. ఆమె మామూలుగానే మాట్లాడేది. అదే ఆయనకి ఎక్కువ బాధ.

మొదటి రోజు పిల్ల యూనిఫాం వేసుకుని బయల్దేరుతుంటే, బావ కారు దగ్గర సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. డబ్బు వచ్చింది కదా, ఇవాళ ఈ తలుపు సంగతి చూస్తాను, ఈసారి పద్ధతిగా చేస్తాను అన్నాడు.

"ఇప్పుడే వద్దు నాన్నా. కొన్నాళ్లు నువ్వు రోజూ చూడాలి," అంది. కోపంగా అనలేదు. అని, ఆయన చొక్కా కాలరు సరిచేసి వెళ్లిపోయింది.

బావ సుత్తి లోపల పెట్టేసి వచ్చి, రేకు తుప్పు పట్టకుండా గీత పొడుగునా ప్రైమరు మాత్రం పూశాడు.